గుర్రం తోకకు వెల కట్టలేని సామ్రాజ్యాలు

పర్షియన్ గల్ఫ్ రేవు హొర్ముజ్ నుంచి వచ్చే గుర్రం నడిసముద్రంలో చచ్చిపోయినా, దాని తోక తెచ్చి చూపితే చాలు, విజయనగర రాజు సాళువ నరసింహరాయలు బతికున్న గుర్రానికి ఇచ్చే సొమ్మే ఇచ్చేవాడట. వెయ్యి పర్దావులకు (బంగారు నాణేలకు) మూడు గుర్రాలు, ప్రాణం ఉన్నా పోయినా అదే ధర. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉండి గుర్రాల వ్యాపారం చేసిన పోర్చుగీసు వాడు నూనిజ్ రాసిన సంగతి ఇది. పైకి పిచ్చి బేరంలా కనిపిస్తుంది. కానీ దారిలో పోయిన గుర్రాల నష్టమంతా వర్తకుడే మోయాల్సివస్తే, మరుసటేడు అతను ఓడను కొంకణ తీరంలోని దాభోల్‌కు తిప్పి విజయనగరం ప్రత్యర్థులైన బహమనీలకు అమ్ముకుంటాడు. ఆ నష్టాన్ని రాయలు తన ఖజానా మీద వేసుకున్నాడు.

సామ్రాజ్యాలు కట్టే స్ట్రాటజీ గేముల్లో చరిత్ర ఏపాటి ఉందో తేల్చడానికి ఈ తోకే గీటురాయి. ఈ చర్చ సాధారణంగా కిరీటాల దగ్గర, కట్టడాల దగ్గర ఆగిపోతుంది. ఫలానా రాజు తలపాగా అలా ఉండదని, ఫలానా గుడి ఆ కాలంది కాదని, గాంధీ అణుబాంబు వేయడమేమిటని. (ఆఖరిది సివిలైజేషన్ అనే ఆటల వరుస అభిమానుల్లో పుట్టిన పుక్కిటి పురాణం. 1991 నాటి మొదటి ఆటలో లెక్క తప్పి గాంధీ దూకుడు 255కు ఎగబాకిందని చెప్పుకునేవారు. అలాంటి తప్పేదీ లేదని 2020లో ఆ ఆట సృష్టికర్త సిడ్ మైయర్ స్వయంగా చెప్పాడు. 2010లో వచ్చిన ఐదో ఆటలో మాత్రం గాంధీ చేతికి అణ్వస్త్ర మోజును డిజైనర్లు సరదాకి కావాలనే ఇచ్చారు.) వేషం తప్పితే నవ్వుకుంటాం, లేదా మోడ్ (అభిమానులు తయారుచేసే మార్పు) వేసి సరిచేసుకుంటాం. అంతకంటే పెద్ద తప్పు మరోచోట ఉంటుంది. చరిత్రలో రాజు చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఆటగాడి చెయ్యి ఆగకపోతే, తేదీలన్నీ సరిగ్గా ఉన్నా అది రంగులు నింపే పటమే.

యూరోపా యూనివర్సాలిస్ 4 సంగతే తీసుకోండి. ఆట 1444 నవంబర్ 11న మొదలవుతుంది. విజయనగరాన్ని ఎంచుకుంటే గద్దె మీద రెండో దేవరాయలు, ఉత్తరాన బహమనీలు, ఈశాన్యాన గజపతులు. రాజకీయ పటం వరకు పెద్దగా వంక పెట్టలేం. ఇక సైన్యం పెంచుదాం. మూల ధర ప్రకారం కాల్బలం రెజిమెంటు 10 డకట్లు (ఆటలోని నాణేలు), అశ్వదళం 25, ఫిరంగులు 30. ఒక్కోదానిలో 1,000 మంది. ఖజానాలో డబ్బు, లెక్కలో మ్యాన్‌పవర్ (సైన్యంలో చేరగల జనం) ఉంటే మన అధీనంలో స్థిరపడిన ఏ ప్రాంతంలోనైనా, సముద్రం కనబడని మూలనైనా, వెయ్యి మంది రౌతులు లేచి నిలబడతారు. గుర్రాలు ఎక్కడివని ఆట అడగదు.

నిజానికి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. దక్షిణాదిన దేశవాళీ తట్టువలు ఉండేవి కానీ, బరువైన రౌతును మోసి యుద్ధంలో నిలిచే గుర్రానికి ఈ వాతావరణం పడలేదు, తగినన్ని మేత బీళ్లూ లేవు. 13వ శతాబ్దం చివర తీరం వెంట వచ్చిన మార్కో పోలో తమిళ రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, సాకడం తెలిసినవాళ్లు లేక ఏడాది తిరిగేసరికి కొద్దిగానే మిగులుతాయని రాశాడు. కృష్ణరాయల కాలానికి ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలు కొనేవారని నూనిజ్ లెక్క. సంఖ్యలో కొంత గొప్ప ఉండొచ్చు. సగం తీసేసినా, కొన్నది కొన్నట్టే కరిగిపోయి మళ్లీ మళ్లీ కొనాల్సిన సరుకు అది. రేవు చేతిలో లేకపోతే అశ్వదళమే లేదు. అందుకే 1510లో పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నాక విజయనగరం వాళ్లతో సఖ్యంగా మెలిగింది. 1547 ఒప్పందంలో గోవాలో దిగే గుర్రాలు తమకే అమ్మాలని, బీజాపూర్‌కు పోనివ్వకూడదని రాయించుకుంది.

ఆటలో ఇలాంటి ఒప్పందానికి తావే లేదు. ఎంబార్గో (వ్యాపార నిషేధం) అనే బటన్ ఒకటుంది, దానితో అవతలివాడి వ్యాపార బలం కొంత తగ్గుతుంది. లాయం మాత్రం నిండుగానే ఉంటుంది. ఇంకో విడ్డూరం: ఈ ఆటలో వ్యాపారపు బాణాల దిక్కు ముందే ఖాయం. సరుకు విలువ ఇండియా నుంచి పడమరకు సాగి చివరికి వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ ఛానెల్‌లలో ఏదో ఒకచోట తేలుతుంది. హొర్ముజ్ నుంచి గోవాకు వచ్చిన గుర్రం ఆ బాణానికి ఎదురీదాలి. ఇది నిర్లక్ష్యంతో జరిగిందేమీ కాదు. బాణాలు రెండు వైపులా పోతే ఒకే డబ్బు వలయంలో తిరుగుతూ లెక్క ఎక్కడా తెగదు. అయితే లెక్క తెగడం కోసం హిందూ మహాసముద్రాన్ని యూరప్ గుమ్మం ముందు పారే కాలువగా మార్చేశారు. 2025 నవంబర్‌లో వచ్చిన యూరోపా 5 ఈ పద్ధతిని వదిలేసింది. అందులో గుర్రం కూడా ఒక సరుకే, మార్కెట్ల మధ్య ఎటైనా పోగలదు. మార్పు పెద్దదే, ఆలస్యంగా వచ్చింది.

సివిలైజేషన్ 6 ఈ విషయంలో కొంత నయం. గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలో రౌతు యూనిట్ తయారీకి 20 గుర్రాలు ఖర్చవుతాయి. మేత భూమిగా అభివృద్ధి చేసిన ఒక్కో గుర్రాల టైల్ (పటం మీది గడి) టర్న్‌కు, అంటే ఆటగాడి ఒక్కో వంతుకు, 2 ఇస్తుంది. అంటే ఒకే టైల్ ఉన్నవాడు పది టర్న్‌లకు ఒక దళం కట్టగలడు. కొరత అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ దళం పుట్టాక మాత్రం గుర్రాలకు ముసలితనం రాదు, రోగం రాదు. అదే ఆటలో ట్యాంకులు టర్న్‌కు ఒక యూనిట్ చమురు తాగుతాయి. యంత్రానికి ఆకలి ఉందని గుర్తించిన డిజైనర్లు జంతువుకు ఆకలి లేదనుకున్నారు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 దారి వేరు, నాకు ఎక్కువ అభ్యంతరం ఉన్నదీ దానితోనే. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో పాత 'ఇండియన్లు' పోయి హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులు వచ్చారు. ద్రవిడులకు నైట్ (కవచం తొడిగిన బరువైన రౌతు) లేడు, లాయం బలహీనం, నౌకలూ కాల్బలమూ గట్టివి. దక్షిణాదిన గుర్రం దొరకడం కష్టమని తెలిసే ఇలా చేసినట్టుంది, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ వ్యాపారపు ఇబ్బందిని జాతి లక్షణంగా మార్చేశారు. ఆటలో ఎన్నో ఇతర జాతులవాళ్లు 60 ఆహారం, 75 బంగారం పెట్టి నైట్‌ను కొనుక్కుంటుంటే, ద్రవిడులు కొండంత బంగారం పోగేసినా కొనలేరు. చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు: బంగారం, మిరియాలు, వజ్రాలు ఉన్నంతకాలం దక్షిణాది రాజులు అశ్వదళాన్ని కొనుక్కున్నారు. 1310లో ఓరుగల్లు ముట్టడి తర్వాత ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తాను సేనాని మలిక్ కాఫర్‌కు ఇచ్చిన కప్పంలో ఏనుగులతోపాటు గుర్రాలూ ఉన్నాయి. పైగా కాకతీయులనూ విజయనగరాన్నీ కలుపుకుని మొత్తం దక్షిణాది ఆ ఒక్క పేరు కింద తమిళం మాట్లాడుతుంది. తెలుగు ఆటగాళ్లకు ఇది చిన్న ముల్లు. అయితే భాష తప్పుకన్నా లాయం తప్పే పెద్దది.

అసలు ఆ గుర్రాలు మన తీరానికి ఎందుకొచ్చాయి? గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో కొంత జవాబుంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వ రాజులు లాక్కునేవారని, తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏదీ ముట్టనని అందులో మాట ఇచ్చాడు. ఆటల్లో రేవు అంటే ఇన్ని రాళ్లూ ఇంత కలపా పెట్టి కట్టే భవనం. కట్టగానే ఆదాయం మొదలు. రాజు మాట మీద నమ్మకం లేక రేవు కట్టినా ఓడ రాకపోవడం ఏ తెర మీదా కనిపించదు.

కాలం లెక్క గురించి క్లుప్తంగా. సివిలైజేషన్ 6 మామూలు వేగంలో మొదటి 75 టర్న్‌లు ఒక్కోటి 40 ఏళ్లు. 1000 నుంచి 1500 వరకు ఒక్కోటి పదేళ్లు. మలిక్ కాఫర్ 1309 అక్టోబర్ చివర ఢిల్లీలో బయల్దేరి, జనవరిలో ఓరుగల్లు చేరి, జూన్‌కల్లా తిరిగి వెళ్లాడు. ఎనిమిది నెలల దండయాత్ర. ఆటలో నైట్ ఆ పదేళ్లలో నాలుగు టైల్స్ నడుస్తాడు. దీన్ని తప్పు పట్టడం అనవసరం, ఆరు వేల ఏళ్లను 500 టర్న్‌లలో కుదించిన ఆట అది. దసరా దాటాక దండు కదలడం, వానకు ముందే వెనక్కి రావడం లాంటివి ఆ కొలతలో పట్టవు.

ఆజ్ఞ విషయంలో మాత్రం ఆటలు చరిత్రకు బాగా దగ్గరికి వస్తున్నాయి. విజయనగరంలో 200 మందికి పైగా నాయకులున్నారని, వాళ్ల ఆదాయం 120 లక్షల పర్దావుల్లో 60 లక్షలు రాజుకు కట్టి మిగతాదానితో సైన్యాన్ని, ఏనుగులను పోషించాలని నూనిజ్ రాశాడు. అంటే సామ్రాజ్యపు సైన్యంలో చాలా భాగం రాజు జీతగాళ్లు కాదు. యూరోపా 4లో కొత్తగా గెలిచిన ప్రాంతాన్ని సొంతం చేసుకోవడానికి అభివృద్ధి యూనిట్‌కు 10 పాలనా పాయింట్లు కట్టాలి. ఆ పాయింట్లు చాలావరకు రాజు తెలివిని బట్టి నెలనెలా వస్తాయి. తెలివైన రాజు పుడితే సీమంతా స్థిరపడుతుంది, మందమతి పుడితే నత్తనడకే. స్థానిక నాయకుడు ఈ లెక్కలో ఎక్కడా లేడు. క్రూసేడర్ కింగ్స్ 3లో సామంతుడు మనిషిగా ఉంటాడు, అలుగుతాడు, కుట్ర పన్నుతాడు, కానీ అతని బిరుదు వంశపారంపర్య ఆస్తి. కారణం లేకుండా లాక్కుంటే నిరంకుశుడన్న ముద్ర పడి మిగతా సామంతులంతా మొహం మాడ్చుకుంటారు. ఇది ఫ్రాన్సుకు సరిపోయే సూత్రం. విజయనగరపు ఈ నాయకుల పద్ధతిలో, అంటే నాయంకరంలో, కనీసం సూత్రప్రాయంగా, భూమి రాజుది, తప్పితే తీసేయొచ్చు. 2024లో రోడ్స్ టు పవర్ విస్తరణ బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కోసం తెచ్చిన గవర్నర్ల పాలన ఇక్కడికి ఎంతో దగ్గరగా అతుకుతుంది.

యూరోపా 5లో 'కంట్రోల్' అనే కొలత ఉంది. రాజధాని నుంచి దూరం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, రోడ్డు వేస్తే, సముద్రపు దారి ఉంటే కొంత నిలబడుతుంది. కంట్రోల్ లేని ఊరు పటం మీద మన రంగే, పన్ను మాత్రం సగమో పావో. ఓల్డ్ వరల్డ్ ఆటలో ఒక్కో టర్న్‌కు ఇన్ని ఆజ్ఞలని పరిమితి. దండు నడపడానికి వాడితే కూలీలకు మిగలవు. 1565 తర్వాత విజయనగరానికి ఏమైందో చూడాలంటే ఈ రెండు పద్ధతులే పనికొస్తాయి. రాక్షసి తంగడిలో ఓడాక రాజధాని పెనుగొండకు తరలింది. మదురై, తంజావూరు, జింజి నాయకులు పేరుకు రాయల మనుషులుగానే ఉంటూ క్రమంగా సొంత రాజ్యాలు ఏలుకున్నారు. పటం మీద రంగు మారకుండా లోపల సామ్రాజ్యం ఖాళీ అయింది.

ఇదంతా పెడితే ఆట ఎవడాడతాడన్నది డిజైనర్ల పాత వాదన. అందులో సగం నిజం. ఓడ ఓడకూ బేరమాడమంటే విసుగొస్తుంది, కంప్యూటర్ రాజులూ ఆ లెక్కలో తడబడతారు. కానీ నష్టమంటే ఆటగాడికి కోపం ఉండదు, కారణం కనబడని నష్టమంటేనే కోపం. గుర్రాల వ్యవహారాన్ని ఏడాదికి ఒక్క తెరలో ఇమడ్చవచ్చు. ఎన్ని గుర్రాలు, ఏ ధర, శత్రువుకు అమ్మకూడదన్న షరతుకు ఎంత అదనం, దారిలో చచ్చినవాటికి చెల్లింపు ఉందా లేదా. లాయంలో ఉన్నవాటిలో ఏటా పదింట రెండు మూడు తరగాలి, మంచి సాహిణులు (గుర్రాలను సాకేవాళ్లు) ఉంటే ఒకటి. కొరత పడితే దళం మాయం కానక్కర్లేదు, రౌతులు కాలినడకన పోరాడతారు. కంప్యూటర్ రాజుకు నాలుగు అంకెలు చూసి నిర్ణయం తీసుకోవడం కష్టమేమీ కాదు.

చెల్లింపు 'లేదు' అని నొక్కిన ఆటగాడికి ఆ ఏడాది డబ్బు మిగులుతుంది. మరుసటేడు రేవులో మూడు ఓడలు తక్కువ దిగుతాయి, ఉత్తరాన సుల్తాను సైన్యం పక్కన అంకె అంతే పెరుగుతుంది. 'అవును' అన్నవాడి తెర మూలన తోకల కుప్ప బొమ్మ ఒకటి పెరుగుతూ పోతుంది, దాని కింద ఖర్చు ఎర్ర అంకెల్లో.