తాత్కాలికుల పంచాంగం

నెల్లూరులో సంబంధం మాట్లాడేటప్పుడు “అబ్బాయి పోర్టులో” అంటే చాలు. పోర్టులో అంటే ఓడ దగ్గరా, కాటా దగ్గరా, క్యాంటీన్ దగ్గరా అని అడిగేంత మర్యాద తప్పినవాళ్ళు మన జిల్లాలో లేరు. ఎవరైనా నోరుజారి “పర్మినెంటేనా?” అంటే, పెళ్ళికొడుకు మేనమామ “అయిదేళ్ళుగా ఆడనే ఉండాడు గదబ్బా” అని మాట తేల్చేస్తాడు. ఆ అయిదేళ్ళలో నలుగురు కాంట్రాక్టర్లు మారిన సంగతి కాఫీల హడావిడిలో కొట్టుకుపోతుంది.

హెచ్ఆర్ వాళ్ళకు ఈపాటి సంస్కారం లేదు. రిలీవింగ్ లెటర్ తెమ్మంటారు, మూడు నెలల పేస్లిప్పులు తెమ్మంటారు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీయమంటారు. అంతకుముందే మన పేరు ఫోన్‌లో కొట్టి, 2019లో మనం ఏ హీరో కోసం ఎవరి అమ్మమ్మను తిట్టామో చదివి ఉంటారు. కాబట్టి తాత్కాలిక ఉద్యోగాన్నే జీవనవృత్తిగా స్వీకరించిన యువతకు ఒక శాస్త్రం అవసరమని పెద్దలు గుర్తించాలి. పెద్దలు పింఛను పనుల్లో ఉన్నారు గనుక ఆ భారం ఈ వ్యాసం మీద పడింది.

ముందు కాలజ్ఞానం. తాత్కాలికుడి రాశికి రాజపూజ్యం 1, అవమానం లెక్కకట్టలేదు. మార్చి, ఏప్రిల్‌లో వరికోతలు. రైసుమిల్లుల్లో, ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ చూసేవాళ్ళు, బస్తాల లెక్క రాసేవాళ్ళు కావాలి. తేమ 17 శాతం దాటిందని రైతు ముఖం మీద చెప్పే ధైర్యం కూడా కావాలి, దానికి వేరే అలవెన్సు లేదు. దాదాపు అదే సమయంలో ఒంగోలు వైపు పొగాకు వేలం కేంద్రాలు తెరుచుకుంటాయి, అక్కడ బేళ్ళ తూకం, చీటీల రాత. రొయ్యల పట్టుబడి ఊపందుకుంటే ప్రాసెసింగ్ ప్లాంట్లకు మనుషులు చాలరు. దసరాకు ముందు ట్రంకురోడ్డు బట్టల షాపులు. ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రాల్లో కెమెరా చూసుకునే వెబ్‌క్యాస్టింగ్ పని. ప్రజాస్వామ్యం చదువుకున్న కుర్రాడికి ఒకటి రెండు రోజులైనా పని చూపిస్తుంది. ఏ సీజనైనా మూడు నాలుగు వారాల ముందే వెళ్ళి కనపడాలి. “సేల్స్‌మెన్ కావలెను” అని బోర్డు కట్టేనాటికి యజమాని బావమరిది కొడుకు లోపల బట్టలు మడతపెడుతూనే ఉంటాడు.

ఇక పనిలో చేరాక తేల్చుకోవాల్సిన మొదటి తాత్త్విక ప్రశ్న: నేనెవరు? గేటు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, చొక్కా మీద అదే పేరుంటుంది, జీతం మాత్రం నాయుడుపేటలో ఒక గది అద్దెకు తీసుకున్న మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఖాతా నుంచి పడుతుంది. చట్టం దృష్టిలో మీరు ఆ గదికి చెందిన మనిషి. రెజ్యూమేలో గొప్పకోసం పెద్ద కంపెనీ పేరు రాసుకున్నారా, రేపు వెరిఫికేషన్ వాళ్ళు ఆ కంపెనీకి మెయిల్ పెడితే “ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు” అని సత్యమే జవాబు వస్తుంది. రెండేళ్ళ కష్టం ఒక్క వాక్యంలో అబద్ధమై కూర్చుంటుంది. “ఫలానా ఏజెన్సీ తరఫున, ఫలానా ప్లాంటులో” అని రెండు పేర్లూ రాయాలి. రెండేసి నెలల పనులు ఆరు ఉంటే ఆరు ఉద్యోగాలుగా పేర్చకూడదు, నిలకడలేని మనిషిలా కనపడతారు. “సీజనల్ కాంట్రాక్టు పనులు” అని ఒకే శీర్షిక పెట్టి, కింద ఒక్కోదానికి ఒక్కో వరుస ఇవ్వాలి. వరుసలో “కష్టపడి పనిచేశాను” అనొద్దు, కష్టపడనని రాసినవాడు ఇంతవరకు పుట్టలేదు. “వేబ్రిడ్జిలో లారీల గ్రాస్, టేర్ తూకాల నమోదు, ఇ-వే బిల్లుతో సరిచూడటం, తేడాలను ఎక్సెల్‌లో రోజువారీ రిపోర్టు” అని రాస్తే చదివేవాడికి మనిషి కళ్ళకు కడతాడు.

జీతం దగ్గర అంకగణితం కొంచెం రావాలి. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 12,000 అనుకుందాం. మీ వాటా 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, 0.75 శాతం, 90. చేతికి 10,470 రావాలి. యజమాని తన వాటాగా మరో 1,440 పీఎఫ్‌కు, 3.25 శాతం లెక్కన 390 ఈఎస్ఐకి తన జేబులోంచి కట్టాలి. మన కాంట్రాక్టర్లలో కొందరు ‘తన జేబు’ అంటే మీ జేబేనని అర్థం చేసుకున్నారు. రెండు వాటాలూ మీ దగ్గరే కోస్తే చేతికి వచ్చేది 8,640. అడిగితే, మనిషి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు చూపించి “సీటీసీ అంటే అదే బాబూ” అని ఇంగ్లీషు అక్షరాలతో నోరు మూయిస్తారు. ఇంతకన్నా కళాకారులూ ఉన్నారు: కోయడం ప్రతి నెలా కోస్తారు, కట్టడం మాత్రం మరిచిపోతారు. నెల డబ్బు మరుసటి నెల 15లోగా జమ కావాలి గనుక 20వ తేదీన ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడటం సంధ్యావందనంలా అలవాటు చేసుకోవాలి. ఇక ఈఎస్ఐలో జబ్బుసెలవు డబ్బులు రావాలంటే ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలం ఒకదానిలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. రెండు నెలల ఉద్యోగికి జ్వరం కూడా సర్వీసు చూసుకుని రావాలన్నమాట.

పని వదిలేటప్పుడు చేయాల్సినవి పని చేసేటప్పటికన్నా ఎక్కువ. పేస్లిప్పులన్నీ సొంత మెయిల్‌కు పంపుకోవాలి, కంపెనీ మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికే మూతపడుతుంది. పీఎఫ్‌లో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ వేశారో లేదో చూడాలి. వేయకపోతే రికార్డుల ప్రకారం మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు, ఇక్కడ కొత్త ఉద్యోగంలోనూ ఉన్నట్టు. ఏకకాలంలో రెండు చోట్ల కనిపించడం అవతార పురుషులకే చెల్లింది, మనకైతే ఆఫర్ ఆగిపోతుంది. ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే పోర్టల్లో వేసుకోవచ్చు. కొత్తచోట “పాత పీఎఫ్ ఉందా?” అంటే, తొందరగా చేరిపోవచ్చని లేదనేస్తే రెండో యూఏఎన్, అంటే రెండో పీఎఫ్ నంబరు, పుట్టే ప్రమాదం ఉంది. తర్వాత రెంటినీ కలిపే పని ఉద్యోగం వెతకడం కన్నా పెద్ద ఉద్యోగం.

పేరు సంగతి వేరే చెప్పాలి. మనవాళ్ళకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది, పాన్‌లో చివరికి చేరుతుంది. వెంకట సుబ్బయ్యలో ‘వెంకట’ ఒకచోట అతుక్కుని ఒకచోట విడిపోతుంది. కంప్యూటర్‌కు వీళ్ళు ముగ్గురు మనుషులు. మెమోనే మూలం చేసుకుని మిగతావాటిని దానికి తేవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు గనుక అక్షరం అక్షరం చూసుకుని వెళ్ళాలి. లింక్డిన్‌లోనూ అదే పేరు, అదే వరుస. ‘నెల్లూరు డాన్ 143’ అనే మెయిల్ ఐడీని ఎంత ప్రేమతో సృష్టించుకున్నా, దానికి ఆఫర్ లెటర్ పంపడానికి ఏ హెచ్ఆర్ చెయ్యీ రాదు.

ఆన్‌లైన్ శుద్ధికి ముహూర్తం అక్కర్లేదు, బ్రౌజర్‌లో మన లాగిన్లు అంటని ఇన్‌కాగ్నిటో కిటికీ చాలు. అందులో ఇంటిపేరు ముందుపెట్టి ఒకసారి, వెనకపెట్టి ఒకసారి, ఫోన్ నంబరు కొట్టి ఒకసారి వెతకాలి. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ నొక్కితే పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒక్క దెబ్బతో స్నేహితుల వరకే పరిమితమవుతాయి. కానీ గాంధీబొమ్మ సెంటర్లో కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీని అన్నగారి అనుచరుడెవరో పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేశాడే, అది ఆయన పోస్టు; మీరు ట్యాగ్ తీసేసుకోవాలి, ట్యాగ్ రివ్యూ పెట్టుకోవాలి. ఫ్లెక్సీలో మీది కింది వరుసలో ఎడమ నుంచి పదో తలకాయే కావచ్చు. ప్రభుత్వం మారితే కాంట్రాక్టరూ మారే చోట కొత్త కాంట్రాక్టరు మనుషులు తలకాయలు లెక్కపెట్టడంలో దిట్టలు. ట్రూకాలర్‌లో మన పేరు మనం పెట్టుకోకపోతే లోకం పెడుతుంది. “సురేష్ రొయ్యల మేత బాకీ” అని కనిపించే నంబరును అకౌంట్స్ ఉద్యోగానికి ఎవరు పిలుస్తారు?

రీల్స్ గురించి కఠినంగా మాట్లాడక తప్పదు. రొయ్యల ప్లాంటు ప్రాసెసింగ్ హాల్లోకి ఫోను, ఉంగరం, గాజులు తేకూడదు. తలకు నెట్, నోటికి మాస్కు, చేతులకు గ్లవ్స్ ఉండాలి. ఇది ఎవరి చాదస్తమూ కాదు, సరుకు కొనే దేశాలు ఆడిట్ చేసి మరీ చూస్తాయి. అలాంటి హాల్లో, నెట్ తీసేసి జుట్టు ఎగరేస్తూ, వెనక ఐసు ట్రేలు కనపడేలా పదిహేను సెకన్ల రీల్ తీసినవాడు తన ఉద్యోగంతో పాటు కంటైనర్‌నూ ప్రమాదంలో పెట్టినట్టే. వ్యూస్ బాగానే వస్తాయి, అందులో క్వాలిటీ మేనేజరుదీ ఒకటి. గేట్‌పాస్ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం దీనికి చిన్నతమ్ముడు.

లింక్డిన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు ఇస్తారు. వాటిని ‘ప్యాషనేట్’, ‘డైనమిక్’లతో నింపితే వెతికేవాడికి దొరకరు, అతను కొట్టేది ‘వేబ్రిడ్జి’, ‘ట్యాలీ’, ‘నెల్లూరు’ లాంటి మాటలు. ‘ఓపెన్ టు వర్క్’ ఆకుపచ్చ చట్రం అందరికీ చూపిస్తే ఇప్పుడున్న సూపర్‌వైజరూ చూస్తాడు; రిక్రూటర్లకు మాత్రమే అనే వీలుంది, అదీ పూర్తి గ్యారంటీ కాదని వాళ్ళే చెబుతారు. నౌకరీ వెబ్‌సైట్‌లో రెజ్యూమే 2 ఎంబీ దాటకూడదు. నెట్ సెంటర్లో ప్రింటు తీసి ఫోన్‌తో ఫొటో కొట్టి పీడీఎఫ్ చేసి ఎక్కిస్తే అది బొమ్మ, అందులోని అక్షరాలు సాఫ్ట్‌వేర్‌కు దొరకవు. నెట్ సెంటర్ రెజ్యూమే చివర డిక్లరేషన్ కింద పేరు ఒకసారి చూసుకోండి, తరచుగా అది మీకన్నా ముందు వచ్చినవాడిది అయ్యుంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే ఉద్యోగం, టెలిగ్రామ్‌లో లైకు కొడితే 150 ఇచ్చి తర్వాత 5,000 కట్టమనే ఉద్యోగం, ఉద్యోగాలే కావు. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి.

రెఫరల్ అనేది అమెరికా వాళ్ళు కనిపెట్టారని లింక్డిన్ అనుకుంటోంది. మన రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె ఎన్నో ఏళ్ళుగా ఇదే పద్ధతిలో నడుస్తోంది: ఉద్యోగం కావాల్సినవాడు తీసుకుంటాడు, వచ్చినవాడు మళ్ళీ వచ్చి ఇస్తాడు. కవర్ లెటర్ లేదు, మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకునే ఎంప్లాయ్‌మెంట్ కార్డూ లేదు. తాత్కాలికుడు నేర్చుకోవాల్సింది మొదటి సగం, అడిగి తీసుకోవడం. ఆఖరి వారంలో సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి “సార్, మూడు లైన్లు కంపెనీ మెయిల్ నుంచి రాసివ్వండి” అని అడగాలి, ఏం పని, ఎన్నాళ్ళు, మళ్ళీ తీసుకుంటారా లేదా. సీజన్ అయిపోయాక అడిగితే ఆయనే అక్కడ ఉండకపోవచ్చు, ఆయనదీ ఔట్‌సోర్సింగే.

ఇవన్నీ నిష్ఠగా పాటించినవాడికి ఒక శుభదినాన ఆఫర్ లెటర్ వస్తుంది. పదకొండు నెలలు, పనితీరును బట్టి పొడిగింపు. పదకొండో నెల ముగిశాక సర్వీసు వరుసగా లెక్కకు రాకుండా ఒక రోజు ‘బ్రేక్’ ఇచ్చే ఆచారం చాలా చోట్ల ఉంది. ఆ ఒక్క రోజూ ఆకుపచ్చ చట్రం పెట్టొద్దు, “కొత్త ప్రయాణం” అని స్టేటస్ రాయొద్దు, ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు. పొడిగింపు ఫైలు తయారుచేసే గుమాస్తా సంతకం కోసం ఆ మధ్యాహ్నమే పిలుస్తాడు, ఆయన కాంట్రాక్టు కూడా ఆ వారంలోనే అయిపోతుంది.