మరక ఎవరిది?

(కాకినాడలో ఓ ఇల్లు. సంక్రాంతి ముందు వారం. హాల్లో సోఫా గది మధ్యకి లాగి ఉంది. వరలక్ష్మి కొంగు బొడ్లో దోపి బూజుకర్రతో నిలబడింది. సత్యం పేపర్ వెనకాల ఉన్నాడు.)

వరలక్ష్మి: ఏవండీ, ఆ పేపర్ అవతల పెట్టి ఇటు చూడండి. ఈ గోడ మీద ఏం కనిపిస్తోంది?

సత్యం: గోడే కనిపిస్తోంది.

వరలక్ష్మి: సోఫా వెనక, గుండ్రంగా, నల్లగా!

సత్యం: చెమ్మేమో.

వరలక్ష్మి: చెమ్మకి కొబ్బరినూనె వాసన వస్తుందా? అది మీ తల! రోజూ అక్కడే ఆనించి సీరియల్ చూస్తారు.

సత్యం: సీరియల్ నువ్వు చూస్తావు. నేను వార్తలు చూస్తాను.

వరలక్ష్మి: ఏది చూసినా నూనె ఒకటేగా. ఎల్లుండి వియ్యపురాలు దిగుతోంది. ఆవిడ మన మొహాలు చూసేలోపే గోడలు చూస్తుంది.

సత్యం: సోఫా మళ్లీ వెనక్కి జరిపేస్తే పోలా?

వరలక్ష్మి: సోఫా మీ నెత్తంత ఎత్తుందా?

(సత్యం నిట్టూర్చి, గుడ్డ తడిపి గోడ మీదకి చెయ్యెత్తుతాడు.)

వరలక్ష్మి: ఆగండాగండి! ముందు దుమ్ము దులపాలి. దుమ్ము మీద తడి గుడ్డ పెడితే బురదే. ఆ తర్వాత కూడా పైనుంచి కాదు, కింది నుంచి పైకి.

సత్యం: లోకంలో నీళ్లు పైనుంచి కిందికి కారతాయే.

వరలక్ష్మి: అందుకే చెబుతున్నాను. పైన కడిగితే మురికినీళ్లు కిందున్న పొడి గోడ మీద చారలు కడతాయి. అవి ఓ పట్టాన వదలవు. కింద ముందే తడిపి ఉంటే కారినవి కారినట్టు తుడిచేయొచ్చు.

సత్యం: మీ పుట్టింటి విద్యా?

వరలక్ష్మి: మా పుట్టింట్లో ఏటా సున్నం వేసేవాళ్లు, కడిగే బాధే లేదు. ఈ రంగులు తమరు వేయించినవే. ఇంతకీ ఇది డిస్టెంపరా, ఎమల్షనా? డిస్టెంపరైతే గట్టిగా రుద్దితే రంగంతా గుడ్డకే వస్తుంది.

సత్యం: పెయింటర్ ఎమల్షనే అన్నాడు. డబ్బులు మాత్రం ఎమల్షన్‌కే ఇచ్చాను.

వరలక్ష్మి: బీరువా పక్క సందులో రుద్ది చూడండి. అక్కడ ఊడినా ఎవరికీ కనిపించదు.

(సత్యం సందులోకి దూరతాడు. కాసేపు చప్పుడు లేదు.)

సత్యం: వరం! ఇక్కడ గోడ నిండా బొట్టుబిళ్లలున్నాయే!

వరలక్ష్మి: అవి... మీ అమ్మగారివేమో.

సత్యం: మా అమ్మ చచ్చేదాకా కుంకుమే పెట్టుకుంది. పైగా ఈ మెరుపుల బిళ్ల నువ్వు మొన్న కార్తీక వనభోజనాలకి పెట్టుకున్నది.

వరలక్ష్మి: రంగు ఊడిందా లేదా, అది చెప్పండి!

సత్యం: ఊడలేదు. నీ బిళ్లలూ ఊడట్లేదు.

(గోరువెచ్చని నీళ్ల బకెట్ ఒకటి, మామూలు నీళ్ల బకెట్ ఒకటి వచ్చాయి. మొదటి దాంట్లో సత్యం గిన్నెల లిక్విడ్ ధారగా పోస్తాడు.)

వరలక్ష్మి: చాలు చాలు! గోడకి తలంటు పోస్తున్నారా? సబ్బు ఎక్కువైతే కడిగినా జిగట మిగిలి మళ్లీ దుమ్ము పడుతుంది. స్పాంజి బాగా పిండండి. స్విచ్‌బోర్డు వైపు వెళ్లేముందు మెయిన్ ఆపండి.

సత్యం: మెయిన్ ఆపితే మ్యాచ్?

వరలక్ష్మి: స్కోరు పక్కింటాయన అరుస్తాడుగా. ఇదిగో, ఈ దోమ మరక చల్లనీళ్లతో తుడవండి, వేడినీళ్లు తగిలితే రక్తం గడ్డకట్టి వదలదు. చంపిన దోమని గోడకే వదిలేసిన మహానుభావులు మీరే.

సత్యం: రక్తం కూడా నాదే. దానికైనా జాలిపడు.

వరలక్ష్మి: నూనె మరక సగమే పోయింది. ఉండండి, స్టీలు పీచు తెస్తాను.

సత్యం: తేకు! అలా గీకకూడదు. ఇంటి రంగుల్లో సీసం, అదే ఆ విషపు లోహం, 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న రూలు 2017 నవంబర్‌లో అమల్లోకొచ్చింది. మనం అంతకుముందే వేయించాం. పొడిగా గీకితే ఆ దుమ్ము మనవడి ముక్కులోకి పోతుంది.

వరలక్ష్మి: పని ఆపడానికి మీకు ఢిల్లీ నుంచి రూలు దొరుకుతుంది. సరే, గీకకండి. వంటసోడా నీళ్లతో ముద్దలా కలిపి మెల్లగా రాయండి.

(సత్యం రాస్తాడు, మంచినీళ్లతో తుడుస్తాడు, పాత లుంగీతో అద్దుతాడు. మరక పోయింది. ఆ మేర గోడ తెల్లగా మెరుస్తోంది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేసి చూస్తారు.)

వరలక్ష్మి: ఇదేంటండీ, తెలుపు? నేను గంధం రంగు కదా వేయమన్నాను!

సత్యం: ...

వరలక్ష్మి: మా అన్నయ్య కూతురి పెళ్లికెళ్లి వచ్చేసరికి గోడలు తెల్లగా ఉంటే అడిగాను. ఏమన్నారు? “గంధం రంగు మొదట్లో ఇలాగే ఉంటుంది, పోనుపోను తేలుతుంది” అన్నారు!

సత్యం: తేలిందిగా!

వరలక్ష్మి: మురికి తేలింది!

సత్యం: నా తలనూనె, నీ పోపు పొగ, ఇద్దరం కలిసి నువ్వడిగిన రంగే తెచ్చాం. మొన్నటిదాకా చుట్టాలందరికీ “గంధం రంగండీ” అని చూపించలేదూ?

వరలక్ష్మి: (స్పాంజి చేతిలో పెట్టి) నాలుగు గోడలూ ఆ తెలుపుకి రావాలి.

సత్యం: వంటింట్లో పోపు జిడ్డు కూడా నేనేనా?

వరలక్ష్మి: గంధం రంగుకని నా దగ్గర తీసుకున్న డబ్బుల్లో ఎంత మిగిలింది?

సత్యం: (బకెట్ అందుకుని) కింది నుంచి పైకి అన్నావు కదూ?