యుద్ధం కొంటే జిప్సీ ఫ్రీ

సైన్యం వాడేసి వేలంలో అమ్మేసిన మారుతి జిప్సీ కొనబోయే పెద్దలందరికీ ఒక విన్నపం. దయచేసి బండి కిందకి దూరి చూడకండి, అది దేశభక్తి లేనోళ్లు చేసే పని. సరిహద్దులో సేవ చేసొచ్చిన జిప్సీకి టార్చి కొట్టి ఛాసిస్ గీకి చూడటమంటే, రిటైరైన సుబేదారు గారిని నోరు తెరవమని పళ్లు లెక్కపెట్టినట్టు ఉంటది.

మన వైజాగ్‌లో ఈ సేవాభావం ఈ మధ్య బాగా ముదిరింది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా ఏసీ లేకుండా వెళ్లలేని మనిషి కూడా డిస్పోజల్ జిప్సీ ఎక్కడైనా ఉందా అని వాకబు చేస్తున్నాడు, ఎందుకయ్యా అంటే వంజంగి అంటాడు, లంబసింగి అంటాడు, అరకు ఘాట్ అంటాడు. అరకుకి ఆర్టీసీ బస్సు రోజూ వెళ్తది, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ లేకుండానే. ఆ మాటంటే మనకేసి జాలిగా చూస్తారు.

అసలు సంగతి ఏంటంటే అమ్మేవాడు బండి అమ్మట్లేదు, యుద్ధం అమ్ముతున్నాడు. గాజువాక అవతల ఒక షెడ్డులో మా బావమరిదికి చూపించిన జిప్సీ కార్గిల్‌లో పనిచేసిందట, ద్రాస్‌లో ఉందట, బానెట్ మీద చిన్న సొట్ట ఉంటే దాన్ని అరచేత్తో నిమిరి కాసేపు మౌనం కూడా పాటించాడు ఆ మహానుభావుడు. మా వాడి కళ్లలో నీళ్లు. నేను పాపిష్టోణ్ణి కాబట్టి కాగితం అడిగాను. మిలటరీ నంబరులో పైకి చూసే బాణం గుర్తు ఒకటుంటది కదా, దాని పక్కనుండే రెండంకెలు ఆ బండి సైన్యంలో చేరిన సంవత్సరం. వేలం కాగితంలో ఉన్నవి 04. కార్గిల్ యుద్ధం 1999 జూలైలోనే అయిపోయింది.

"ఏటండీ బాబూ, యుద్ధం అయిపోతే డ్యూటీ కూడా అయిపోద్దేటి?" అన్నాడు. నిజమే, నోరు మూసుకున్నాను.

నా బుర్రకి తోచింది చెప్పాలంటే ఆ బండికి మంచు తెలీదు, సముద్రం తెలుసు. మన ఊరి ఉప్పుగాలి శత్రుసైన్యం కన్నా ఓపికైంది, రోజుకి ఇంత అని తింటది. ఛాసిస్‌కి కింద నిగనిగలాడే నల్ల పెయింటు కొత్తగా వేసున్నారు, ఇరవయ్యేళ్లు దాటిన బండికి అడుగున మాత్రమే పెళ్లికళ ఎందుకొచ్చిందా అని వెనక కమాన్లని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ దగ్గర స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా నొక్కాను. పెయింటు కింద లప్పం. లప్పం కింద ఏమీ లేదు, స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. "అది వెంటిలేషన్ అండీ" అనలేదు గానీ అనడానికి నోరు తెరిచాడు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలని అందరికీ తెలుసు, అమ్మేవాడికి ఇంకా బాగా తెలుసు. అందుకే మనం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటది. మీరొస్తున్నారని రెడీ చేసుంచాను అంటాడు, ఎంత మర్యాద! నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందని, ఆయిలు మూత తీస్తే పొగ బుసబుసా పైకి తన్నితే పిస్టన్ రింగులు అయిపోయాయని, ఇరుసు మధ్య గేర్లలో ఉండే క్రౌన్ ఆయిలు తెల్లగా తిరిగుంటే లోపలికి నీళ్లు పోయాయని మెకానిక్కులు చెప్తారు. వాళ్లకి చరిత్ర మీద గౌరవం ఉండదు.

మీటరు మాత్రం చాలా తక్కువ తిరిగుంటది. మనోళ్లకి అదో పండగ. యూనిట్‌లో ఏళ్లతరబడి కదలకుండా నిలబడ్డ బండికి సీళ్లు, హోసులు ఎండి పగిలిపోతాయన్నది ఆ పండగలో ఎవరికీ గుర్తుండదు, టైరు గళ్లు ఫుల్లుగా ఉన్నాయని మురిసిపోతారు, టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు మాత్రం చూడరు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మేం చూసినదానికి 1109 అని ఉంది, అంటే 2009లో పుట్టిన టైరు, పిల్లాడైతే ఈపాటికి ఇంటర్‌లో ఉండేవాడు.

ఇక ఫోర్ బై ఫోర్ ప్రదర్శన. చిన్న రాడ్డు పట్టుకుని టూ హై, ఫోర్ హై, ఫోర్ లో అని మంత్రం చదివినట్టు చదివి టకటకా మార్చి చూపించాడు, ఎంత స్మూత్‌గా ఉందో! అంత స్మూత్‌గా ఎందుకుందా అని వంగి చూస్తే ముందు చక్రాలకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. మైలేజీ కోసం తీసేశారట, జాగ్రత్తగా దాచామన్నాడు, ఎక్కడ దాచారో గుర్తులేదట. అందుకే అమ్మేవాళ్లు బురదలో కాకుండా తారు రోడ్డు మీద ట్రయల్ ఇస్తారు. నిజంగా ముందు, వెనక చక్రాలు రెండూ పట్టే జిప్సీని ఎండిన తారు మీద ఫోర్‌లో పెట్టి మలుపు తిప్పితే బిగుసుకుపోయి గునుస్తది, ఇది మాత్రం హాయిగా తిరిగింది.

కాగితాల గురించి అడిగితే "అన్నీ ఉన్నాయండీ, ఒరిజినల్ జిరాక్స్" అన్నాడు. సైన్యం బండి మామూలు ఆర్టీవో రికార్డుల్లో ఉండదు, రక్షణశాఖే రిజిస్టర్ చేసుకుంటది, బయటికి అమ్మాక కొన్నవాడే ఆర్టీవో దగ్గర మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. అక్కడ కూడా కార్గిల్ కథ చెప్పి చూడొచ్చు. వాళ్లు మాత్రం ఛాసిస్ నంబరు కాగితంతో కలిసిందా అనే చూస్తారు.

ఇంత విన్నా మా వాడు చలించలేదు, ఎందుకంటే వాడు కొంటున్నది ఆ రంగుని. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ ముందు ఆ ఆలివ్ గ్రీన్ జిప్సీ ఆపి దానికి ఆనుకుని ఫోటో దిగాలి, అంతే. ఆ రంగు రక్షణశాఖ బండ్లకే, మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు చూసుకో, మార్చకపోతే రిజిస్ట్రేషన్ అవ్వదు అన్నాను. మా వాడి మొహం మాడిపోయింది. యుద్ధం లేదు, షాఫ్టు లేదు, ఇప్పుడు రంగు కూడా లేదా!

అమ్మేవాడు వెంటనే భుజం తట్టాడు. "దానికేటండీ, ఇటుక రంగు కొట్టించేయండి. తుప్పొచ్చినా ఎక్కడొచ్చిందో ఎవడికీ తెలీదు."

అడ్వాన్స్ ఇచ్చేశాడు.