ఒక్కరోజు ఈగ వెనుక రెండేళ్ల బతుకు

మేఫ్లై అనే ఈగ 24 గంటలే బతుకుతుందని, దానికి నోరే ఉండదని, ఉత్తరాది చల్లని నదుల్లో ట్రౌట్ చేప వేసవిలో నీటిపై వాలే ఇలాంటి ఈగలను ఎగిరి పట్టుకుని తింటూ, మిగతా కాలమంతా పస్తులుంటుందని చెప్పే ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఇందులో నోటి సంగతి ఒక్కటే దాదాపు నిజం. మిగిలినది నమ్మితే నదిలో ప్రాణం ఎక్కడుంటుందో మనకు ఎప్పటికీ తెలియదు.

ముందుగా ఆయుష్షు మాట. రెక్కలు వచ్చాక మేఫ్లై కొన్ని గంటలో, కొద్ది రోజులో బతికే మాట వాస్తవమే. అప్పటికి దాని నోరు తినడానికి పనికిరానంతగా కుదించుకుపోయి ఉంటుంది. అయితే గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు అంతకుముందే నెలల తరబడి, యూరప్‌లోని ఎఫిమెరా డానికా వంటి జాతుల్లో సుమారు రెండేళ్లపాటు, నది అడుగున మొప్పలతో శ్వాసిస్తూ, పలుమార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది. తొలకరికి దీపం చుట్టూ మూగి తెల్లవారేసరికి రెక్కలు రాల్చే ఉసిళ్లు అంతకుముందు పుట్టలో పెరిగినవేనని మనకు తెలుసు కదా; మేఫ్లై వయసును కూడా నీటి అడుగు నుంచే లెక్కించాలి.

ఇక ఎగిరి పట్టడం. అది మన కంటపడే దృశ్యం కనుక ట్రౌట్ భోజనమంతా అదేనని అనుకుంటున్నాం. నిజానికి దాని తిండిలో ఎక్కువ భాగం నీటిలోపలే దొరుకుతుంది. ఫ్లై ఫిషింగ్, అంటే పురుగును పోలిన ఎరతో చేపలు పట్టడం, చేసేవారు తేలే ఎరలతోపాటు, ఈకలు, బొచ్చు, దారంతో పిల్లపురుగు పోలికలో కట్టి, మునగడానికి లోహపు పూస గుచ్చిన ఎరలను కూడా దగ్గర ఉంచుకునేది అందుకే.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు చలిలో ట్రౌట్ పస్తులుంటుందనుకోవడం. 0 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే కరుగుతుంది; అందువల్ల చల్లని వడినీరు ఎన్నో పురుగులకు అనువైన చోటు. నీటి అడుగునే పెరిగే స్టోన్‌ఫ్లై అనే పురుగుల్లో కొన్ని జాతులు చలికాలంలోనే రెక్కలు తెచ్చుకుని మంచు మీద నడుస్తాయి. చలికి ట్రౌట్ ఆకలి మందగిస్తుంది గానీ అది తిండి మానదు.

ఐస్లాండ్ ఉత్తరాన ఉన్న మీవాట్న్ సరస్సు పేరుకు అర్థమే చిన్న ఈగల సరస్సు. దాని నుంచి వెలువడే లాక్సౌ నదిలో మేఫ్లైలు దాదాపు లేనట్లే. అయినా బ్రౌన్ ట్రౌట్ అక్కడ పుష్టిగా పెరుగుతుంది. ఎందుకంటే బ్లాక్‌ఫ్లై అనే చిన్న ఈగ డింభకాలు, అంటే పిల్లపురుగులు, అక్కడి రాళ్లను కప్పేస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల ఆ డింభకం రాతిపై పట్టుదారంతో చిన్న మెత్త అల్లి, తోక చివరి కొక్కేలను అందులో దిగవేసి నిలదొక్కుకుని, తలపైని రెండు విసనకర్రల్లాంటి కుంచెలను ప్రవాహంలోకి చాచి, సరస్సు నుంచి కొట్టుకొచ్చే నాచు కణాలను వడగట్టి తింటుంది. ఎంత ఓపికైన పనో చూడండి! నీరు నిలిచిపోతే ఆ కుంచెలకు ఏమీ అందదు. జలవిద్యుత్ పథకాన్ని పెంచి లోయను ముంచే ప్రతిపాదనపై పోరాడిన అక్కడి రైతులు 1970లో ఒక చిన్న ఆనకట్టను పేల్చివేశారు; 1974లో ఆ సరస్సునూ నదినీ కాపాడే ప్రత్యేక చట్టం వచ్చింది.