బదిలీ మీద మీ అభ్యంతరానికి జవాబు

మ.రా.రా.శ్రీ మాజీ వెనక కుడి టైరు గారికి
(ప్రస్తుతం ముందు ఎడమ స్థానంలో విధులు),

విషయం: గత ఆదివారం రేస్ ట్రాక్ దగ్గర భోజన విరామంలో కారు టైర్ల స్థానాలు మార్చినప్పుడు జరిగిన మీ బదిలీ గురించి.

అయ్యా,

కొత్త స్థానంలో చేరిన పావుగంటకే, మెయిన్ స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా సాగే ముఖ్యమైన దారి) చివర మొదటి కుడి మలుపులో మీరు పెట్టిన కేక అందింది. పిట్ (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటు) గోడ నీడన ఇంకా పెరుగన్నం తింటున్నవాళ్లు కూడా తలెత్తి చూశారట. దాన్నే లిఖితపూర్వక అభ్యంతరంగా స్వీకరించి ఈ జవాబు రాస్తున్నాను.

ముందు మీ సర్వీసు పుస్తకం తెరుద్దాం. నలుగురూ ఒకేరోజు ఉద్యోగంలో చేరారు. ఒకే కంపెనీ, ఒకే సైజు, సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీద తయారైన వారం ముద్ర కూడా ఒకటే. చేరిననాడు నలుగురికీ ఎనిమిది మిల్లీమీటర్ల గాడి ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు, నాలుగు ట్రిప్పులూ కలిసే తిరిగారు. ఆదివారం రెండో సెషన్ అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని గేజు పెట్టి కొలిచాను. మీది 7. మీకు ఎదురుమూల ఉన్న ముందు ఎడమది లోపలి అంచున 5, నడుమ 4. బయటి అంచున గేజు దించడానికి అసలు గాడే లేదు. భుజం (గాడుల భాగం పక్కకి తిరిగే అంచు) మీద ఉండాల్సిన చిన్న త్రికోణం గుర్తు ఎప్పుడో అరిగిపోయింది. దాన్ని అరచేత్తో ఒకవైపు నిమిరితే నున్నగా జారింది, ఎదురు నిమిరితే పిల్లి నాలుకలా గరగరలాడింది. తర్వాత మీ దగ్గరికి వచ్చాను. కొత్త టైరు మీద మొలిచి ఉండే ఆ సన్నటి రబ్బరు వెంట్రుకలు మీ పక్కమీద ఇంకా రెండు మూడు ఊగుతున్నాయి. నాలుగు ట్రాక్ డేలు (సొంత కారుతో రేస్ ట్రాక్ మీద తిరిగే రోజులు) చేసిన ఉద్యోగికి ఇంకా బారసాల జుట్టే!

ఇందులో మీ తప్పేం లేదంటారు. కొంతవరకూ నిజమే. ఈ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12, పరుగు గడియారం ముల్లు దిశలో. ఎడమ మలుపులూ ఉన్నాయి గానీ, బయల్దేరిన గీత దగ్గరికే మళ్లీ చేరాలంటే ఎడమలన్నీ కొట్టేయగా ల్యాపుకి (ట్రాక్ మీద ఒక పూర్తి చుట్టుకి) 360 డిగ్రీలు కుడికి తిరిగి తీరాలి. కుడికి తిరిగిన ప్రతిసారీ బరువు ఎడమకి ఒరుగుతుంది. పైగా మనది పోలో కారు. ఇంజను బరువు ముందే, బండిని లాగేదీ తిప్పేదీ ముందు చక్రాలే, బ్రేకు భారంలో పెద్ద వాటా కూడా వాటిదే. పెళ్లివారింట్లో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కే వంటవాడు ముందు ఎడమ టైరు. తమరు విడిదిలో కండువా సర్దుకుంటూ రెండోసారి కాఫీ అడిగే మగపెళ్లివారి బావగారు.

బావగారని ఊరికే అనలేదు. వేగంగా కుడికి తిరిగేటప్పుడు మీరు నేల మీద కూడా లేరు. వెనక లోపలి చక్రం కదా, ఇలాంటి బండ్లలో గట్టిగా తిప్పితే అది లేస్తుంది. ట్రాక్ పక్కన నిలబడ్డ ఫొటోగ్రాఫరు సరిగ్గా ఆ క్షణమే పట్టాడు. కింద ముందు ఎడమ టైరు సైడ్‌వాల్ మీదికి నలిగిపోయి రోడ్డుని కొరుకుతోంది, మీరు బెత్తెడు ఎత్తున కాలు జాపుకుని విహరిస్తున్నారు. ఆ ఫొటో నా ఫోను వాల్‌పేపరు. చూసిన ప్రతివాడూ "వీల్ ఎత్తావు బాసూ" అన్నాడు. పనిచేసిన టైరు గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. ఈ దేశంలో ఎవరి ఫొటో పేపర్లో పడుతుందో మీకు చెప్పాలా?

ఇక మీ రెండో అభ్యంతరం. టైర్ల స్థానాలు మారిస్తే ప్రమాదమని, దానికి ఫార్ములా వన్ సాక్ష్యమని వాదిస్తున్నారు. (డిక్కీలో పడి ఉన్న పాత పత్రికలు చదివింది మీరేనని ఇప్పుడు తెలిసింది.) 2013 జూన్ 30న బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రేసులో నలుగురు డ్రైవర్లకి, మొదట హామిల్టన్‌కి, తర్వాత మాసాకి, ఆపైన వెర్న్‌కి, చివర్లో పెరెజ్‌కి టైర్లు పేలాయి. నలుగురికీ పేలింది వెనక ఎడమదే. జట్లు ఎడమ టైరు కుడికీ కుడిది ఎడమకీ మార్చి బిగించడం కూడా ఒక కారణమని ఆ టైర్లు చేసిన పిరెల్లి కంపెనీ చెప్పింది. వారం తిరిగేసరికి జర్మనీ రేసులో ఆ మార్పిడిని నిషేధించారు. అంతా నిజమే. కానీ ఆ టైర్ల లోపలి నిర్మాణమే ఎడమకి వేరు, కుడికి వేరు. మీ మీద రాసి ఉన్నది "బయటి వైపు" అన్న ఒక్క ముక్క. ఆ ముఖం బయటికి ఉన్నంతకాలం మీరు నాలుగు మూలల్లో ఎక్కడైనా పనికొస్తారు. తిరిగే దిశ చూపించే బాణం గుర్తున్న టైరైతే ఉన్న వైపే ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ మారాలి. ముందు సన్నం, వెనక వెడల్పు ఉన్న బండ్లలో ఆ అవకాశం కూడా లేదు. ఆ మినహాయింపులేవీ మీకు వర్తించవు. అన్నట్టు, ఆ రోజు టైరు పేలిన వెర్నే పదేళ్ల తర్వాత 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ (కరెంటు కార్ల) రేసు గెలిచాడు. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. ట్యాంక్‌బండ్ ఎప్పట్లాగే ట్రాఫిక్‌కి వెళ్లిపోయింది, మనం ఎప్పట్లాగే మద్రాసుకి వెళుతున్నాం.

ఉత్తర్వులు నేను సొంతంగా కనిపెట్టినవీ కావు. ముందు చక్రాలతో నడిచే బండికి వాడుకలో ఉన్న పద్ధతే ఇది. ముందున్నవి అదే వైపున వెనక్కి పోతాయి, వెనకున్నవి అడ్డంగా దాటి ముందుకొస్తాయి. అందుకే వెనక కుడిలో ఉన్న మీకు ముందు ఎడమ దక్కింది. సిఫారసు ఉత్తరాలకు ఇందులో తావులేదు.

బదిలీ మీద మీకున్న అసలు బాధ నాకు తెలుసు. పదవి మారగానే ప్రెషర్ పెరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నలుగురికీ 30 పీఎస్‌ఐ గాలి పెట్టాను. మీరు వెనక ఉండగా సెషన్ మొత్తం తిరిగొచ్చినా 32 దాటలేదు. ముందు ఎడమకి వచ్చిన మూడు ల్యాపుల్లో 38! ఇక్కడ తప్పు నాది. ఇరవై బోల్టులూ టార్క్ రెంచితో (బిగుతు కొలిచే పానాతో) 120 న్యూటన్ మీటర్లకి టిక్కుమనేదాకా బిగించాను గానీ, స్థానం మారితే గాలి కూడా మళ్లీ చూసుకోవాలన్నది మరిచిపోయాను. ఎండలో బోల్టులు అరచేతిని కాలుస్తుంటే ఆ ఒక్కటీ బుర్రలోంచి జారిపోయింది. మీ కేకలో సగం వాటా ఆ ఎక్కువ గాలిదని ఒప్పుకుంటున్నాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి, అది పెద్దది. ఈ బదిలీ మొదటి ట్రాక్ డే అయిన మర్నాడే, తేడా ఒక్క మిల్లీమీటరు ఉన్నప్పుడే జరగాల్సింది. ప్రతి ట్రిప్పు తర్వాతా "వచ్చే వారం" అనుకున్నాను. మన దగ్గర బదిలీలు ఎప్పుడు సకాలంలో జరిగాయి గనక! నాలుగు ట్రిప్పులు ఆగి ఒకేసారి తిప్పేసరికి, మంచి రబ్బరంతా ముందుకీ అరిగిందంతా వెనక్కీ చేరింది. పొద్దుటిదాకా మలుపులో ముక్కు బయటికి పోయే బండి, మధ్యాహ్నం తోక విసరడం మొదలుపెట్టింది. అలవాటుకొద్దీ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలాను. అంతే, వెనకభాగం నాకంటే ముందుగా ఇల్లు చేరాలనుకున్నట్టు తిరిగింది. గడ్డిలో ఆగి, దుమ్ము అణిగాక చూస్తే, కారు వచ్చిన దారి వైపే ముఖం పెట్టి నిలబడింది. ట్రాక్ భద్రత చూసే మార్షల్ జెండా ఊపుతూ నా వంక చూసిన చూపు నా పదో తరగతి లెక్కల మాస్టారు చూసేది.

ఇంటిదారిలో మిగతాది జరిగింది. బంకులో గాలి సరిచేయించి బయల్దేరాను. నాయుడుపేట దాటాక వాన పట్టుకుంది. వాయుగుండమట. పైన వాయుగుండం, కింద గుండు టైరు. గాడి లేని అంచు నీటిని ఎటు తోస్తుంది? ఓ చోట రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే, వెనక ఎడమ ఒక్క క్షణం నీటి మీద తేలి మళ్లీ దిగింది. బండి తోక ఒకసారి పక్కకి ఊగింది. అక్కణ్నుంచి ఒంగోలు దాకా అరవై దాటలేదు. ఆర్టీసీ బస్సులు, టమాటా లారీలు, ఆఖరికి గడ్డి ట్రాక్టరు కూడా నన్ను దాటి పోయింది. ట్రాక్టరు డ్రైవరు జాలిగా హారన్ కొట్టాడు.

సోమవారం పంక్చర్ షాపుకి వెళ్లాను. ఆ అరిగినదాన్ని రిమ్ము మీద తిరగేసి ఎక్కిస్తే బయటి అంచు లోపలికి పోతుంది కదా అని నా ఆశ. షాపాయన నీళ్ల తొట్టి పక్కన పడుకోబెట్టి, "బయటి వైపు" అన్న అక్షరాల మీద వేలుపెట్టి, "ఇది రాసినోడు పాగల్ గాడా అన్నా?" అన్నాడు. తర్వాత నా ముందు చక్రం వంక వంగి చూసి, "టైర్లు మార్చుడు కాదు, గీ చక్రం జర లోపటికి వంచాలె" అన్నాడు. ఆయన చెప్పింది క్యాంబర్ గురించే. మలుపులో బండి ఒరిగితే చక్రం బయటి భుజం మీద నిలబడుతుంది. పైఅంచు ముందే కాస్త లోపలికి వంచి ఉంచితే మలుపులో టైరు సమంగా ఆనుతుంది. కంపెనీ బిగించినచోట ఆ వంపుకి పెద్దగా అవకాశం లేదు. ఆ వంపు తెప్పించే ప్లేట్ల ధర అడిగి ఫోను పెట్టేశాను. కాబట్టి ప్రస్తుతానికి మీరే.

మీరు ఎంత తిరిగినా నాలుగు టైర్ల మొత్తం రబ్బరు ఒక్క చుక్క పెరగదని నాకూ తెలుసు. కానీ ఒక్కటి గుండై మూడు నిగనిగలాడుతుంటే, జోడీ కోసం రెండు కొనాలి, అరిగినదాని నడుమన ఉన్న నాలుగు మిల్లీమీటర్లు చెత్తలో పోయాలి. నలుగురూ కలిసి అరిగితే నలుగురినీ కలిపే సాగనంపుతాను.

వెనక కుడిలో నీడన కూర్చుంటే చిరంజీవిగా ఉండేవాణ్నని మీ ఏడుపు. ఉండరు. మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లారే కొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. పనిచేసినదానికంటే కాస్త నెమ్మదిగా, అంతే. గాడి నిండుగా ఉండి పట్టు పోయిన టైరు నాకెందుకు, గోడకి తగిలించుకోనా?

స్టెప్నీ గారు డిక్కీలోంచి మీ పాత కుర్చీ కోసం అర్జీ పెట్టుకున్నారు. వారి సైజు వేరు గనక తిరస్కరించాను. గురువారం పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే జాకీతో వస్తాను. గాడి పోయి వెనక ఎడమలో ఉన్న పెద్దాయనకి మాత్రం మీ నలుగురి కోసం ఆగే వీల్లేదు, పదవీ విరమణ. మీరు ఆ పక్కమీది వెంట్రుకలు ఒకసారి చూసుకోండి, ఇంకా ఉంటే ఫొటో తీసుకోవాలి.

ఇట్లు,
నాలుగు చక్రాల వాహన యజమాని,
హైదరాబాద్