నాలుక ఫోటో పంపితే ప్యాటర్న్ చెప్పేస్తామనే వాళ్ళకు

"నాలుక ఫోటో పెట్టండి, మీ ప్యాటర్న్ చెప్తాం" అనే పోస్టులు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. కింద వరసగా నాలుకలు. ఒకరికి "స్ప్లీన్ చీ తక్కువైంది", పక్కవాళ్ళకి "లివర్ ఫైర్", ఆ కిందావిడకి "కిడ్నీ యిన్ లోపం". రెండు నిమిషాల్లో తీర్పు, మూడో నిమిషంలో ఏ మూలిక పొడి వాడాలో సలహా. (ప్యాటర్న్ అంటే గుర్తులన్నీ కలిపి చూసి ఒంట్లో ఏది తప్పిందో చెప్పే పేరు. చీ అంటే ఒంట్లో నడిచే శక్తి, యిన్ అంటే చల్లబరిచి తడినిచ్చే వైపు, యాంగ్ అంటే వేడినిచ్చే వైపు.) చైనా సంప్రదాయ వైద్యాన్ని మొదట్నుంచీ నమ్మనివాళ్ళు దీన్ని చూసి కొట్టిపారేస్తే నాకు బాధ లేదు. ఆ వైద్యం మీద ఇష్టంతో నేర్చుకోవాలని వచ్చినవాళ్ళు ఇదే రోగనిర్ణయం అనుకుంటున్నారు చూడండి, అక్కడే కడుపు మండుతోంది.

చైనీస్‌లో ఈ పనికి 'బియెన్ జెంగ్' అని పేరు. బియెన్ అంటే ఇదీ అదీ వేరుచేసి గుర్తుపట్టడం. జెంగ్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒకేలా పలికే అక్షరాలు రెండున్నాయి. ఒక జెంగ్ అంటే లక్షణం: తలనొప్పి, దాహం, నీళ్ళ విరేచనం. ఇంకో జెంగ్‌కి మామూలు భాషలో అర్థం సాక్ష్యం, రుజువు. మనం ప్యాటర్న్ అంటున్నది ఈ రెండోదాన్ని. ఒక్క సాక్షి మాట మీద శిక్ష వెయ్యరు కదా, ఇక్కడా అంతే. చూడటం, వినడంతో పాటు వాసన పట్టడం (చైనీస్‌లో ఈ రెంటికీ ఒకటే మాట), అడగడం, తాకి చూడటం అని పరీక్షలు నాలుగు. మొదటిదాంట్లో నాలుక ఒక ముక్క. ముఖం రంగు, కళ్ళలో కళ, నడక, ఒంటి తీరు కూడా అందులోవే. నాలుగింట్లో దొరికినవి ఒకదాన్నొకటి బలపరచాలి. ఏదైనా ఎదురు తిరిగితే, ఎందుకు తిరిగిందో తేలేదాకా ప్యాటర్న్‌కి పేరు పెట్టకూడదు.

సరే, నాలుకనే తీసుకుందాం. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడాలి. నాలుకని వదులుగా, కొస కిందికి వంగేలా చాపమనాలి. పదిహేను ఇరవై సెకన్లలో చూడటం అయిపోవాలి. బిగబట్టి అలాగే ఉంచితే రంగు ముదిరి ఊదాగా కనిపిస్తుంది, రక్తం నిలిచిపోయిన ప్యాటర్న్ అని లేనిదొకటి పుట్టుకొస్తుంది. చాలకపోతే లోపలికి తీసుకోమని, కాసేపాగి మళ్ళీ చాపమనాలి. ముందు కండ రంగు. తర్వాత ఆకారం: ఉబ్బు, పక్కల పళ్ళ గాట్లు, పగుళ్ళు. ఆ తర్వాత పాచి: దాని రంగు, మందం, తడి, గీస్తే ఇట్టే వస్తుందా, నాటుకుని ఉందా. చివర్న నాలుక పైకెత్తించి అడుగున ఉన్న రక్తనాళాలు.

ఫోన్ ఫోటోలో వీటిలో సగం తెలియవు, తెలిసిన సగం నమ్మదగ్గది కాదు. పసుపు బల్బు కింద తెల్లపాచి పసుపవుతుంది. తెల్ల ఎల్ఈడీ కింద ఎర్రకండ నీలానికి తిరుగుతుంది. ముఖానికి మెరుగు పెట్టే ఫిల్టరు నాలుకకి కూడా పెడుతుంది. పైగా మన అలవాటొకటుంది. పొద్దున్నే నాలుక గీసుకోకపోతే మనకి పళ్ళు తోముకున్నట్టే ఉండదు. స్టీలు బద్దతోనో, వేప పుల్ల చీల్చో శుభ్రంగా గీసేసిన నాలుకని ఫోటో తీసి పంపితే, అవతలివాళ్ళు "పాచి లేదు, స్టమక్ యిన్ లోపం" అని రాసేస్తారు. పాచిని బట్టి చెప్పే మాటలన్నీ గీసుకోని నాలుకకే చెల్లుతాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఆ పోస్టుల్లో ఒక్కరూ కనపడలేదు.

ఇక రంగులు. ఫిల్టర్ కాఫీ, కిళ్ళీ, నేరేడుపళ్ళు, ఐరన్ టానిక్ ఏదైనా పాచికి రంగు అద్దుతుంది. చైనీస్‌లో దీనికి 'రాన్ తాయ్' అని ప్రత్యేకంగా పేరే ఉంది, అద్దకం పడ్డ పాచి అని. యాంటీబయాటిక్స్ వాడాక నల్లపాచి కట్టొచ్చు. అన్నిటికంటే భయపెట్టేది అద్దంలా నున్నగా మెరిసే ఎర్ర నాలుక. యిన్ అడుగంటిందనడానికి అది గుర్తని పుస్తకాల్లో ఉంటుంది. బీ12 లోపంలో కూడా నాలుక అచ్చం ఇలాగే ఉండొచ్చు. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్ళున్న మన దగ్గర ఇది అరుదేం కాదు. రక్తపరీక్ష మానేసి యిన్ పెంచే మూలికలు తాగిస్తూ కూర్చుంటే, కాళ్ళ తిమ్మిర్లతో మొదలై నరాలే దెబ్బతింటాయి.

"ఎర్ర నాలుక అంటే వేడి" అని చార్టుల్లో ఉంటుంది. ఏ వేడి? పొయ్యిలో కట్టెలెక్కువైనా ఎసరు పొంగుతుంది, గిన్నెలో నీళ్ళు తగ్గినా అడుగు మాడుతుంది. మొదటి రకంలో ముఖమంతా ఎర్రబారుతుంది, చల్లటి నీళ్ళు గ్లాసులకి గ్లాసులు తాగుతారు, పాచి మందంగా పసుపుగా ఉంటుంది, నాడి వేగంగా, వేళ్ళని తోసేంత బలంగా కొడుతుంది. రెండో రకంలో మధ్యాహ్నం దాటాక బుగ్గలు మాత్రం ఎర్రబడతాయి, అరచేతులు అరికాళ్ళు మండుతాయి, నిద్రలో చెమటలు పడతాయి, గుక్కెడు నీళ్ళు చాలంటారు, పాచి ఉండీ లేనట్టుంటుంది, నాడి వేగంగానే ఉన్నా దారంలా సన్నం. నాలుక రెంటిలోనూ ఎరుపే, నాడి రెంటిలోనూ వేగమే. మందులు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి జిప్సం ముఖ్యంగా ఉన్న బాయ్‌హు కషాయం. రెండోదానికి ఉడికించిన దిహువాంగ్ అనే మొక్క దుంప ముఖ్యంగా, ఇంకో అయిదు మూలికలు కలిపి చేసే లియువెయ్ దిహువాంగ్ అనే మందు. తారుమారు చేసి రెండో మనిషికి జిప్సం పోస్తే ఆకలి చచ్చి విరేచనాలు పట్టుకుంటాయి, వేడి మాత్రం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, చిక్కిపోవడం, పొడిదగ్గు. ఈ వరస వినగానే "లంగ్ యిన్, కిడ్నీ యిన్ లోపం" అని రాసేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. పాత చైనా వైద్యులు 'ఫెయ్ లావ్' అని వర్ణించింది ఊపిరితిత్తుల క్షయనే. దగ్గు రెండు వారాలు దాటితే ముందు కళ్ళె పరీక్ష. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ప్యాటర్న్ సరిగ్గా పట్టినా క్షయ క్రిమి చావదు, ఇంట్లో పిల్లలకి అంటుతూనే ఉంటుంది.

ఒక్క ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే జాంగ్ జోంగ్‌జింగ్ అనే పాత చైనా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో ఆయన రాసిన వైద్య గ్రంథం 'షాంగ్‌హాన్ లున్'. అందులో చెప్పినట్టు ఇద్దరు రోగులున్నారనుకోండి. ఇద్దరికీ చలి, జ్వరం, తలనొప్పి, పైకి తేలి తగిలే నాడి. చెమట పడుతోందా? పడుతుంటే గుయ్‌జీ కషాయం, పట్టకపోతే మాహువాంగ్ కషాయం. గుయ్‌జీ కషాయంలో ఇప్పటి కొలతల్లో దాల్చిన చెట్టు లేత కొమ్మలు 9 గ్రాములు, తెల్ల పియొనీ వేరు 9, తేనెలో వేయించిన అతిమధురం 6, పచ్చి అల్లం 9, ఎర్ర రేగుపళ్ళు మాత్రం లెక్కకి 12 పళ్ళు. ("రెడ్ డేట్స్" అన్నారని ఖర్జూరాలు వేయకండి, అది రేగు జాతి పండు.) తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి గంజి తాగాలి, దుప్పటి కప్పుకుని దాదాపు రెండు గంటలు పడుకోవాలి. ఒళ్ళంతా సన్నగా చెమ్మగిల్లాలి గానీ నీళ్ళు కారినట్టు చెమట పట్టకూడదని ఆయనే రాశాడు. మొదటి మోతాదుతో చెమట పట్టి తేరుకుంటే మిగతా కషాయం ఆపెయ్యాలి. గంజి కూడా వైద్యంలో భాగమే, దాన్ని వదిలేసి "కషాయం పనిచెయ్యలేదు" అనడం అన్యాయం.

మాహువాంగ్ కషాయానికి గంజి అక్కర్లేదు, అదే బలంగా చెమట పట్టిస్తుంది. అప్పటికే చెమటలు పోస్తున్న మనిషికి అది ఇస్తే గుండె దడ, ఒళ్ళు తేలిపోవడం. మాహువాంగ్ అంటే ఎఫెడ్రా. బీపీ, గుండె వేగం రెండూ పెంచుతుంది. ఎఫెడ్రా ఉన్న ఫుడ్ సప్లిమెంట్లని అమెరికా 2004లో నిషేధించింది. నాలుక ఫోటోలో చెమట కనపడదు, బీపీ కనపడదు.

నీరసం సంగతి క్లుప్తంగా: కాస్త నడిస్తే హుషారొస్తోందా, ఇంకా కూలబడుతున్నారా? కూలబడితే చీ తక్కువైన వైపు ఆలోచించాలి. తేలికపడితే తేమ పేరుకోవడమో, చీ కదలక నిలిచిపోవడమో. అది అడక్కుండా పళ్ళగాట్లు చూసి జిన్సెంగ్ రాస్తే, తేమతో బరువెక్కిన మనిషికి కడుపుబ్బరం పెరిగి పాచి ఇంకా మందమవుతుంది.

నాడి కూడా ఇలాగే అరకొరగా నడుస్తోంది. చెయ్యి గుండె ఎత్తున, అరచెయ్యి పైకి, మణికట్టు కింద చిన్న మెత్త. బొటనవేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక దగ్గర ముందు మధ్యవేలు పెట్టాలి, అది గువాన్. చూపుడువేలు మణికట్టు గీత వైపు, అది త్సున్. ఉంగరపువేలు మోచేతి వైపు, అది చీ (శక్తి అనే చీ వేరు, ఈ చీ స్థానం పేరు). తేలిగ్గా, మధ్యరకంగా, లోతుగా మూడు ఒత్తిళ్ళు. కనీసం యాభై దెబ్బలు చూడాలన్నది పాత నియమం. వైద్యుడి ఒక శ్వాసకి నాలుగైదు దెబ్బలు మామూలు, మూడైతే నెమ్మది, అయిదు దాటితే వేగం. నెమ్మది నాడి చల్లదనానికి గుర్తంటారు. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళ నాడి ఎటూ నెమ్మదే, రోజూ పరుగెత్తేవాళ్ళదీ అంతే. మాత్రల చీటీ అడగకుండా పెట్టిన "యాంగ్ లోపం" అక్కడే చెల్లదు. కొందరికి ఆ ధమని మణికట్టు వెనకవైపు నుంచి పోతుంది. దానికీ చైనీస్‌లో పేరుంది. అది తెలియనివాళ్ళు "నాడి అందడం లేదు" అని రోగిని హడలగొడతారు.

పరీక్ష రిపోర్టు ఒక్కటే చూసి ప్యాటర్న్‌ని వదిలేసినా ప్రమాదమే. షియావ్ చాయ్‌హు అని ఇంకో చైనా కషాయం ఉంది, దాన్నే జపాన్‌లో షో-సైకో-తో అంటారు. చలీ జ్వరమూ మార్చిమార్చి రావడం, పక్కటెముకల కింద నిండుగా ఉండటం, నోరు చేదు, వికారం, తీగలా బిగిసిన నాడి దాని గుర్తులు. అక్కడ దీన్ని దీర్ఘకాల హెపటైటిస్ అని తేలినవాళ్ళకి విరివిగా రాశారు. 1996లో ఆ దేశ ఆరోగ్యశాఖ బయటపెట్టిన లెక్క: ఊపిరితిత్తుల వాపు 88 మందికి, మరణాలు 10. హెపటైటిస్‌కే ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కలిపి ఇవ్వకూడదని అంతకుముందే హెచ్చరిక వచ్చింది. ప్యాటర్న్ సరిపోయినవాళ్ళకి ఆ హాని జరగదని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ జబ్బు పేరు ఒక్కటి చూసి అంతమందికి, అంతకాలం ఇవ్వడం ఈ వైద్యం ఒప్పుకునే పద్ధతి కాదు.

నాలుగు పరీక్షలూ చేసినవాళ్ళ మధ్య కూడా తేడాలొస్తాయి, దాన్ని దాచక్కర్లేదు. అమెరికాలో కీళ్ళవాతం రోగుల్ని ముగ్గురు వైద్యులకి విడివిడిగా చూపించిన అధ్యయనాల్లో ప్యాటర్న్ మీద వాళ్ళ ఏకాభిప్రాయం మూడోవంతు కూడా లేదు. గుర్తుల్ని ఎలా తూచాలో ముందే కూర్చుని శిక్షణ తీసుకున్నాక బాగా పెరిగింది. మనిషిని ముందు కూర్చోబెట్టుకుంటేనే ఇంత కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకి కోడ్‌లిచ్చే జాబితా ఐసీడీ-11లో ప్యాటర్న్‌లకి కోడ్‌లిచ్చిన 26వ అధ్యాయం కూడా ఐచ్ఛికమే, జబ్బు కోడ్ పక్కన రాసుకోవడానికి ఉద్దేశించింది.

కాబట్టి ఈసారి ఎవరైనా నాలుక ఫోటో పంపితే ప్యాటర్న్ పేరు రాయకండి, తిరిగి అడగండి. 17వ శతాబ్దంలో జాంగ్ జింగ్‌యుయె అనే చైనా వైద్యుడు ప్రశ్నల్ని వరసపెట్టాడు: చలీ వేడీ మొదటిది, చెమట రెండోది, తలా ఒళ్ళూ మూడోది, మలమూత్రాలు నాలుగోది, తిండి అయిదోది, ఛాతీ ఆరోది, చెవి ఏడోది, దాహం ఎనిమిదోది. వాటికి ముందు మనకోసం ఇంకో మూడు కలుపుకోండి. పొద్దున నాలుక గీసుకున్నారా? ఏం మాత్రలు వేసుకుంటున్నారు? దగ్గు ఎన్నాళ్ళుగా?