సవరణ: టూసాన్ హంతకుణ్ని ఆపినవి ఒట్టి చేతులే

2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో, అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ ప్రజలను కలుస్తున్న చోట కాల్పులు జరిపినవాణ్ని తుపాకీ ఉన్న పౌరుడు ఆపాడని నిన్న రాశాను. అది నా పొరపాటు. ఆనాటి వార్తలు, ప్రత్యక్షసాక్షుల మాటలు మళ్లీ చదివాను.

అతడు తూటాలు నింపుకోబోతుంటే ఆయుధం లేనివారే మీదపడి పడగొట్టారు. 61 ఏళ్ల మహిళ ఒకరు తూటాలు నింపిన కొత్త మ్యాగజైన్‌ను అతడికి అందకుండా లాగేసుకున్నారు. తుపాకీ ఉన్న యువకుడు పక్క దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చింది ఆ తర్వాతే. హంతకుడి తుపాకీ లాక్కుని పట్టుకున్న మనిషినే అతడు హంతకుడనుకున్నాడు. కాల్చకుండా ఆగబట్టి ఒక నిండు ప్రాణం దక్కింది.

సాయుధ పౌరుడు ఆపిన ఘటనలు ఉన్నాయి, 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్ అలాంటిదే. టూసాన్‌ను మాత్రం ఆ లెక్కలో చేర్చకండి.